వెచ్చరేవును మూసిన చలికాలం

నవంబరు 9

టగ్గు పేరు గంగమ్మ. పెద్ద ఓడలకు తాడు కట్టి రేవులోకి లాగడం, బయటికి తోలడం దీని పని. సుక్కాని పట్టేది నేను, సూరాడ కొర్లమ్మ. కింద ఇంజను చూసుకునేది మా ఆయన దానయ్య. ఏ రోజు పని ఆ రోజు రాయమని రేవు కార్యాలయం వాళ్లు ఎప్పుడో చెప్పారు. యుద్ధం మొదలయ్యాక ఎవరూ అడగడం లేదు. అలవాటు పోక రాస్తున్నాను.

ఇవాళ తాళ్లకు పట్టిన మంచును కొయ్య సుత్తితో కొట్టి రాల్చాం. ఖనిజం ఓడ ఒకదాన్ని బయటికి, గోధుమల ఓడ ఒకదాన్ని లోపలికి లాగాం. పాలపొడి లేదు, నల్ల టీ తాగాం. సూర్యుడు ఇక జనవరి నెలాఖరు దాకా రాడు. మధ్యాహ్నం పూట దక్షిణాన ఆకాశం కాస్త నీలంగా మారుతుంది, అంతే.

అవతలి వాళ్ల విమానాలు వచ్చి రేవు మీద తిరిగి వెళ్లాయి. బాంబులు వేయలేదు. ఎప్పుడూ వేయరు. మా నాన్నలు భీమిలి వైపు నుంచి టగ్గులు నడపడానికి ఇక్కడికి వచ్చిన రోజుల్లో ఉత్తరాన ఎక్కడా మంచే ఉండేది కాదట. తర్వాత సముద్రంలో వేడి ప్రవాహం ఆగిపోయింది. చలి తిరిగొచ్చింది. ఒక్కొక్క రేవూ గడ్డకట్టి, చలికాలమంతా ఓడ రాగలిగే చోటు ఈ హెల్మవిక్ ఒక్కటే మిగిలింది. మేం దీన్ని వెచ్చరేవు అంటాం. దక్షిణం నుంచి తిండి, మందుగుండు ఇక్కడే దిగాలి. కొండల్లో తవ్విన నికెల్ ఇక్కడి నుంచే పోవాలి. మా దొరతనానికి ఇది కావాలి, అవతలి వాళ్లకూ కావాలి. రేపు తమదయ్యే రేవును ఇవాళ పాడుచేసుకోవడం ఎందుకని వాళ్ల ఆలోచన. అందుకే యుద్ధంలో ఉన్నా మా పైకప్పులు పైనే ఉన్నాయి.

చేతులు నొప్పులు. పడుకుంటాను.

నవంబరు 21

కిందనుంచి దానయ్య కేక వేశాడు. "ఒలే, ఇంజను ఏడెక్కిపోతంది. నీళ్లు లాగట్లేదు. ఆపీ!"

ఆపాను. ఇంజనును చల్లబరచడానికి సముద్రపు నీళ్లు లోపలికి వచ్చేచోట ఒక జల్లెడ ఉంటుంది. దాన్ని విప్పి చూస్తే నిండా మంచు గుజ్జు. చెరుకు రసంలో వేసే ఐసు తురుములా ఉంది. దానయ్య దాన్ని చేత్తో తీసి బకెట్లో వేసి, నాకేసి చూశాడు.

"ఇది మన రేవులోదేనేటి?"

"మరెక్కడిది?"

ఇన్నేళ్లలో రేవు లోపల మంచు పట్టడం చూడలేదు. బయట సముద్రం తెల్లగా గట్టిపడుతున్నా లోపల నీళ్లు నల్లగా పొగలు కక్కుతూ ఉండేవి. కొండలో అయిదు బావులున్నాయి. చాలా లోతు నుంచి వాటిలోకి వేడినీళ్లు వస్తాయి. ఆ నీళ్లు గొట్టాల్లో ముందు ఊళ్లో ఇళ్లను వెచ్చబరుస్తాయి. తర్వాత రేవు అడుగున పరిచిన గొట్టాల్లోకి పోతాయి. ఈ బావులన్నీ చూసుకునేది మా ఆడపడుచు ఎర్రమ్మ. దానయ్యకు అక్క. ఊరు మొత్తాన్నీ వెచ్చగా ఉంచే మనిషి. ఆమె మాత్రం రెండు స్వెట్టర్లు వేసుకుని తిరుగుతుంది.

పని అయ్యాక కొండెక్కి వెళ్లాను.

"రెండో బావి సల్లారిపోనాది కొర్లా. నాలుగోది కూడా అదే దారి పట్టింది" అంది వదిన. "నేల లోపల ఏడి మళ్లీ ఊరడానికి టయిమివ్వాల. యుద్ధమొచ్చినకాడి నుంచి ఓడలెక్కువైనాయని పగలనకా రేతిరనకా పీల్చీసినాం. నాను సెప్తానే ఉన్నాను, ఇన్నోడేడీ?"

"మరిప్పుడేటి సేత్తావు?"

"ఉన్నది పంచాల. ఇంటికో, రేవుకో."

డిసెంబరు 3

ఇళ్లకు వచ్చే వేడి సగం తగ్గించారు. ఊళ్లో కాపలా ఉన్న దండు నుంచి ఆజ్ఞ. మా వీధి వాళ్లమంతా చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లోకి చేరాం. బెంచీలు కలిపి పరుపులు వేసుకున్నాం. ఒకళ్లు దగ్గితే అందరికీ మెలకువ.

పేర్ల బంగారమ్మప్ప తన ఇల్లు వదిలి రానంది. మొదటి ఓడలో వచ్చిన వాళ్లలో ఇంకా మిగిలింది ఆమె ఒక్కతే. నా పెళ్లికి నాకు చీర కట్టింది ఆమే. నేను రెండుసార్లు వెళ్లి బతిమాలాను.

"అంతమందిలో నాకు నిద్ర పట్టదే అమ్మీ. నా మంచం నాకుండనీ" అంది.

ఇవాళ ఉదయం అంబలి పట్టుకెళ్లాను. కుంపటి ముందు కుర్చీలో కూర్చుని ఉంది. కుంపటి ఎప్పుడో ఆరిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. నేల గట్టిపడి గొయ్యి తవ్వడం కుదరలేదు. వలల కొట్టంలో పడుకోబెట్టి వచ్చాం.

రెండు ఓడలు లోపలికి, ఒకటి బయటికి. ఓడలు నిలిపే నాలుగో బెర్తు దగ్గర మంచు ఒక జానెడు మందం. కొట్టుకుంటూ వెళ్లాం.

డిసెంబరు 6

మేజర్ ఆస్లాక్ మా ఇద్దరినీ, వదిననూ పిలిపించాడు. ఇక్కడి దండుకు పెద్ద ఆయనే. చెడ్డవాడు కాదు. నిద్రలేక కళ్లు లోపలికి పోయాయి. ఆయన మాట్లాడేది రేవు భాష. నేను మా మాటలో రాస్తున్నాను.

గోడ మీద పటం చూపించాడు. "పన్నెండు రోజుల్లో ఆరు ఓడలు వస్తున్నాయి. మూడింటిలో మందుగుండు. రెండింటిలో ధాన్యం. ఒకదాంట్లో కిరోసిన్, మందులు. తూర్పున మన వాళ్ల దగ్గర ఈ నెలాఖరుకు మించి గుండ్లు లేవు. ఈ రేవు మూసుకుంటే అక్కడ వాళ్లు వట్టి చేతులతో నిలబడాలి. ఎర్రమ్మ గారూ, ఇళ్ల లైను పూర్తిగా కట్టేసి అంతా రేవుకు వదలండి."

"కట్టను" అంది వదిన.

"ఇది అడగడం కాదు, ఆజ్ఞ."

"నీ ఆజ్ఞకి సిన్న గుంటలు సచ్చిపోతారు బాబూ. ముసలోళ్లు ఇప్పటికే పోతన్నారు. నన్ను కాల్చీ. తర్వాత ఆ వాల్వులు నువ్వే తిప్పుకో. ఏది తిప్పితే ఏటవుద్దో నీకు నువ్వే తెలుసుకోవాల."

మేజర్ కోపం తెచ్చుకోలేదు. దానికే నాకు భయం వేసింది. ఆయన నిజంగానే లెక్క వేసుకుంటున్నాడు, ఇక్కడి ప్రాణాలు, అక్కడి ప్రాణాలు.

నేను మధ్యలో మాట్లాడాను. "రేవంతా ఎందుకండీ? సముద్రం నుంచి ఒకటో బెర్తు దాకా ఒక్క దారి ఉంటే చాలు. మిగతాది గడ్డకట్టనీండి. ఆ దారిని మా టగ్గులు తెరిచి ఉంచుతాయి. ఆగకుండా తిరుగుతూ ఉంటే నీళ్లు అతుక్కోవు."

"ఎన్నాళ్లు తిరగగలరు?"

"ఓడలు వచ్చేదాకా."

బయటికి వచ్చాక దానయ్య అన్నాడు, "ఒప్పుకునేముందు నన్నో మాట అడగొచ్చు గదే."

"అడిగితే వద్దంటావని."

"అంటాననుకో" అన్నాడు. తర్వాత నా చేతి సంచి తను పట్టుకున్నాడు.

డిసెంబరు 10

రెండు టగ్గులం. మేమూ, కొండా ఇంటిపేరు వాళ్లు నడిపే టగ్గూ. రేవు నోటి దాకా వెళ్లడం, తిరగడం, బెర్తు దాకా రావడం, తిరగడం. నేను అలిసిపోతే దానయ్య పైకి వస్తాడు, నేను కింద ఇంజను చూస్తాను. ఇద్దరం ఒకేసారి పడుకున్నది లేదు. దాటుకుని వెళ్లేటప్పుడు మెట్ల మీద కలుస్తాం. ఒకసారి అతను నా తల మీద చెయ్యి పెట్టి వెళ్లాడు. ఏదైనా అన్నాడేమో, ఇంజను చప్పుడులో వినబడలేదు.

ఇళ్లకు వేడి ఉంది. పిల్లలు క్యాంటీన్ నుంచి ఇళ్లకు వెళ్లారు.

డిసెంబరు 15

కొండా వాళ్ల టగ్గు ప్రొపెల్లరు రెక్క విరిగింది. ఇక మేమొక్కళ్లమే.

పగలగొట్టిన మంచు ఎక్కడికీ పోదు. ముక్కలు తేలుతూ ఉంటాయి, మళ్లీ అతుక్కుంటాయి. మళ్లీ పగలగొడితే ఇంకా ఎక్కువ ముక్కలవుతాయి. రోజురోజుకూ దారి మందమవుతోంది. పగలగొట్టకపోతే మూసుకుపోతుంది, పగలగొడితే బరువెక్కుతుంది. నేను మేజర్‌కు మాటిచ్చిన రోజున ఇది తెలియక కాదు. ఇంత త్వరగా అవుతుందనుకోలేదు.

చూపు సరిగా ఆనడం లేదు. దీపం చుట్టూ రంగులు కనబడుతున్నాయి.

డిసెంబరు 18

ఓడలు వచ్చాయి. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరూ రేవు నోటి బయట బారుగా నిలిచాయి. ఒక్కొక్కదానికి తాడు కట్టి తేవాలి. దారి ఉన్న తీరు చూస్తే రెండో మూడో వస్తాయి, ఆ తర్వాత మూసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు, దానయ్యకు తెలుసు. మేజర్‌కు కూడా తెలుసు.

వైర్‌లెస్‌లో ఆయన చెప్పాడు. "ముందు మందుగుండు ఓడలు. మూడూ. తర్వాతే మిగతావి."

నేను సరే అనలేదు, కాదనలేదు. నోటి దాకా వెళ్లాం. ముందు నిలిచింది మందుగుండు ఓడే. దాని వెనక ధాన్యం ఓడ. ఊళ్లో గోదాము అడుగు కనబడుతోందని నాకు తెలుసు. రేవు గడ్డకడితే మే నెల దాకా ఇంకో ఓడ రాదు. గుండ్లు వస్తే అవి రైలెక్కి తూర్పుకు పోతాయి, ఇక్కడి వాళ్లు తినడానికేం మిగలదు. గుండ్లు రాకపోతే తూర్పున ఉన్నవాళ్లు, వాళ్లూ ఎవరికో పుట్టినవాళ్లే.

ఇంజను నెమ్మది చేశాను. దానయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు.

"ఏటాగినావు?"

"ఏది ముందు తెమ్మంటావు?"

అతను బయటికి చూశాడు. గడ్డానికి పట్టిన మంచు గీరుకున్నాడు.

"నన్నడిగితే నాను బంగారమ్మప్పనే తలుసుకుంటానే. నాకు తూర్పునెవులూ తెల్దు. తెలీనోళ్ల మీద నాయం సెప్పలేను." మెట్ల వైపు తిరిగి అన్నాడు, "నువ్వేది తెచ్చినా ఇంజను తిప్పేది నానే. తప్పయితే ఇద్దరిదీని."

మొదటి ఓడను దాటి ధాన్యం ఓడ దగ్గరికి వెళ్లి తాడు విసిరాం. వైర్‌లెస్ తీసి నేనే చెప్పాను. "మేజర్ గారూ, కొర్లమ్మను. ధాన్యం ఓడకు తాడు కట్టాను. తర్వాత మందులది తెస్తాను. ఆ తర్వాత మీవి. దొంగతనంగా చేయడం లేదు, చెప్పే చేస్తున్నాను."

"కొర్లమ్మ గారూ, తాడు విప్పండి."

"విప్పను."

"మీరేం చేస్తున్నారో తెలుసా?"

"తెలుసండీ. తెలియకపోతే బాగుండును."

ఆయన ఇంకేదో అన్నాడు. తర్వాత వైర్‌లెస్ కట్టేశాడు.

ధాన్యం ఓడ వచ్చింది. మందుల ఓడ చాలా కష్టం మీద వచ్చింది. మూడోసారి మందుగుండు ఓడకు తాడు కట్టాం. నిజంగానే కట్టాం. దారి సగం దాకా లాగాం. అక్కడ ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోడలా లేచాయి. గంగమ్మ ముక్కు వాటి మీదికెక్కి ఆగిపోయింది. వెనక్కి తీసి మళ్లీ కొట్టాం, మళ్లీ కొట్టాం. దానయ్య ఇంజనుకు ఎంత శక్తి ఉందో అంతా ఇచ్చాడు. తాడు తెగి కమ్మీకి కొట్టుకుంది. ఆ ఓడ తనంతట తానే వెనక్కి జరిగి నోటి బయటికి వెళ్లిపోయింది. మళ్లీ వెళ్లబోయేసరికి వెనక దారి తెల్లగా మూసుకుపోయి ఉంది.

నాలుగు ఓడలూ దీపాలు వెలిగించి కాసేపున్నాయి. తర్వాత ఒక్కొక్కటే దక్షిణానికి తిరిగాయి.

గంగమ్మ దారి మధ్యలోనే ఇరుక్కుంది. మేం దిగి మంచు మీద నడిచి వచ్చాం. జెట్టీ మీద సిపాయిలు నిలబడి ఉన్నారు.

డిసెంబరు 19

నన్ను రేవు కార్యాలయంలో ఒక గదిలో పెట్టారు. తాళం వేశారు. గది వెచ్చగానే ఉంది. నేను నిద్రపోయాను. తిడతారేమో, కాలుస్తారేమో అని కూడా తోచలేదు. అంత నిద్ర.

లేచేసరికి మేజర్ ఎదురు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మూడోది తేవాలనే ప్రయత్నించారా?" అని అడిగాడు.

"ప్రయత్నించాను."

"నేను జెట్టీ మీద నుంచి చూశాను. మీ పొగగొట్టం నుంచి నిప్పులు వచ్చాయి." కాసేపు తన చేతులు చూసుకున్నాడు. "అయినా ముందు దాన్నే తెచ్చి ఉంటే వచ్చేది."

"వచ్చేది" అన్నాను.

ఆయన లేచి వెళ్లాడు. తలుపు తాళం వేయలేదు. నేనైనా ఎక్కడికి పోతాను?

డిసెంబరు 23

రాజధాని నుంచి ఆజ్ఞ వచ్చింది. రేవు పనికిరాదు కనక దండు మంచు బళ్ల మీద రైలు స్టేషనుకు వెళ్లి, అక్కడి నుంచి తూర్పుకు పోవాలి. పోయేముందు బావులు పేల్చేయాలి. లేకపోతే బావులు మళ్లీ వేడెక్కాక అవతలి వాళ్లు వచ్చి రేవు తెరుచుకుంటారు.

మేజర్ ఈ సంగతి మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పకుండా పేల్చేసి వెళ్లిపోవచ్చు. చెప్పాడు.

"బావులు పోతే ఊరు పోయినట్టే" అంది వదిన.

"తెలుసు. ఊరివాళ్లను కూడా తీసుకుపొమ్మన్నారు. బళ్లు మాకే చాలవు."

వదిన టేబులు మీద వేలితో గీతలు గీసింది.

"బాబూ, నీకు బావులు పోవాలా, రేవు పోవాలా?"

"రేవు."

"అయితే కొండ దిగినకాడ జాయింటుంది. ఇళ్లకో గొట్టం, రేవుకో గొట్టం అక్కడే ఇడిపోతాయి. రేవు గొట్టంలోకి సిమెంటు పోసీద్దాం. ఒక మూర కాదు, కొండ నుంచి నీళ్లదాకా. దాన్ని తవ్వి తియ్యడం కన్నా కొత్త రేవు కట్టుకోడం తేలిక. తర్వాత ఇదీ అన్ని రేవుల్లాంటిదే. దీని కోసం ఎవుడూ రాడు."

మేజర్ ఆజ్ఞ కాగితం తీసి మళ్లీ చదువుకున్నాడు. "ఇందులో 'రేవుకు వేడినీటి సరఫరా శాశ్వతంగా నాశనం' అని ఉంది. బావులు అనే మాట కింద వివరంలో ఉంది." కాగితం మడిచాడు. "నేను పైన ఉన్నది చదివాను."

డిసెంబరు 24

సిమెంటు కలిపాం. మేం ముగ్గురం, కొండా వాళ్లు, ఇరవై మంది సిపాయిలు. వేడినీళ్లతో కలిపాం, లేకపోతే గడ్డకట్టేస్తుంది. పారలతో పోసి, కర్రలతో కుక్కాం.

గొట్టం నోరు నిండేటప్పుడు వదిన పక్కకు వెళ్లి నిలబడింది. ఆమె తండ్రి, అంటే మా మామగారు, వేసిన గొట్టమది. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఏడుత్తన్నావా వదినా?"

"లేదే. నడుం పట్టేసింది" అంది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

ఈ రేవు ఉన్నందుకే మేం ఈ చోటికి వచ్చాం. దీని వల్లే అన్నం తిన్నాం, పిల్లల్ని కన్నాం, ఇద్దరు దొరల మధ్య ఇరుక్కున్నాం. మా చేతులతో మేమే మూశాం. నాకు బాధ కలగాలి. కాళ్ల నొప్పి మాత్రం తెలుస్తోంది నాకు, మిగతాదేదీ తెలియడం లేదు.

డిసెంబరు 27

దండు వెళ్లిపోయింది. చివరి బండి మీద మేజర్. నాకు చెయ్యి ఊపలేదు, వదినకు తల వంచి దండం పెట్టాడు.

మధ్యాహ్నం అవతలి విమానం ఒకటి వచ్చింది. చాలా కిందుగా తిరిగింది. రేవంతా తెల్లగా, నిండుగా గడ్డకట్టి ఉంది. మధ్యలో గంగమ్మ ఒరిగి ఉంది. విమానం ఇంకొక చుట్టు తిరిగి ఉత్తరానికి పోయింది.

ధాన్యం ఓడ వాళ్లూ, మందుల ఓడ వాళ్లూ ఇక్కడే చిక్కుకుపోయారు. వేసవి దాకా మా ఇళ్లలోనే ఉంటారు. మా ఇంటికి వచ్చిన వంటవాడికి మా పచ్చడి కారం ఎక్కువైంది. కళ్లలో నీళ్లు కారుతున్నా మళ్లీ అడిగి వేయించుకున్నాడు.

జనవరి 14

తూర్పున మన వాళ్లు రెండు ఊళ్లు వదిలి వెనక్కి వచ్చారని రేడియోలో చెప్పారు. ఎంతమంది పోయారో చెప్పలేదు. వదిన రేడియో కట్టేయబోతే నేను వద్దన్నాను. వార్తలు అయ్యేదాకా కూర్చున్నాను.

దానయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. తర్వాత బయటికి వెళ్లి, అవసరం లేకపోయినా, చాలాసేపు మెట్ల మీద మంచు ఊడ్చాడు.

జనవరి 22

గంగమ్మ మీదికి నడిచి వెళ్లాం. మంచు ఒత్తిడికి దాని పలకలు నలగకుండా చుట్టూ ఉన్న మంచును గొడ్డలితో కొట్టాం. కొద్దిరోజులకోసారి ఈ పని చేయాలి. వేసవిలో తేలుతుందో లేదో తెలియదు. తేలినా లాగడానికి ఓడలు ఉండవు. చేపలు పట్టుకోవచ్చంటాడు దానయ్య.

బ్యాటరీ చూద్దామని వైర్‌లెస్ వేశాను. గరగరలు. కట్టేయబోతుంటే ఎవరో పిలిచారు. "హెల్మవిక్, హెల్మవిక్." గొంతు పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. మేజర్ ఆస్లాక్. చాలా దూరం నుంచి.

"కొర్లమ్మనండీ" అన్నాను.

"ఊళ్లో అందరూ వెచ్చగా ఉన్నారా?"

"ఉన్నారండీ."

"తిండి?"

"సరిపోతోంది. మే దాకా వస్తుంది."

అటువైపు గాలి చప్పుడు. ఎవరో దూరంగా ఏదో అరుస్తున్నారు. అక్కడ ఎలా ఉంది, మీ దగ్గర ఎంతమంది మిగిలారు అని అడగాలి. నోటి దాకా వచ్చింది. అడిగితే ఆయన నిజమే చెబుతాడు.

అడిగాను.

ఆయన చెప్పాడు. పేర్లు కూడా చెప్పాడు, సిమెంటు కలిపిన కుర్రాళ్లలో కొందరివి. నేను విన్నాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. అయ్యాక ఆయన, "సరే, ఉంటాను" అన్నాడు. గరగరలు మిగిలాయి.

దానయ్య తాడు మీద మంచు దులుపుతున్నాడు. నన్ను చూసి సుత్తి కింద పెట్టాడు.

"ఎవులు?"

"మేజరు."

"ఏటంటాడు?"

"మనం ఎచ్చగా ఉన్నామా అని అడిగినాడు."

దానయ్య నా పక్కన కూర్చున్నాడు. దక్షిణాన ఆకాశం అంచున ఎర్రగా ఒక గీత వచ్చింది. ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం. చలి ఎముకల్లోకి దిగాక లేచి, మంచు మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్లాం.